తీపి ఎక్కువైందంది మీ అమ్మ

చిట్టితల్లీ, ఈ పొద్దున మీ అమ్మ నన్ను తిట్టింది! నేను చేసిన బేగెల్‌లో తీపి ఎక్కువైందని తిట్టింది!

సంతోషం పట్టలేక పలకరింపే మరిచాను. నాన్న దీవెనలు. ఇక్కడ మేమిద్దరం ఉన్నంతలో బాగున్నాం. అక్కడ నువ్వూ అల్లుడూ కులాసా అని తలుస్తాను.

చలికాలంలో ఆ సూదిమందులు మొదలైనప్పటి నుంచి మీ అమ్మ నోటికి ఏదీ రుచించడం లేదు కదా. పాలిచ్చినా పండిచ్చినా తుప్పు మేకు చప్పరించినట్టుందనేది. ఎలా ఉందని అడగడం నేనూ మానేశాను. అడిగితే నా కోసం బాగుందని అబద్ధమాడేది. అలాంటిది, మన పిల్ల బేకరీలో చేసే ఆ చిల్లు రొట్టె, అదే బేగెల్, తినాలనుందని తనంతట తనే అడిగేసరికి నీకు రాశాను. నువ్వు చేసే పద్ధతి పంపావు.

పిండి పొంగిందా అని అడిగావు. మొదటిసారి పొంగలేదు తల్లీ. నువ్వు గోరువెచ్చని నీళ్ళన్నావు, నేను టీకి కాచినట్టు కాచి పోశాను. ఈస్టు అక్కడికక్కడే చచ్చింది. రెండోసారి పొంగింది గాని, చిల్లు చిన్నదిగా పెట్టాను, కాల్చే ముందు నీళ్ళలో ఉడికించేసరికి పూడుకుపోయింది. మీ అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, బొడ్డున్న బన్ను అంది. ఈసారి వేలు దూర్చి బాగా సాగదీశాను. పిండిలో ఎండుద్రాక్ష, దాల్చినచెక్క పొడి కలిపాను, మరిగే నీళ్ళలో తేనె పోశాను. తేలాయా అని అడిగావు. బాతుపిల్లల్లా తేలాయమ్మా! సైకిల్ షాపులో ట్యూబులు నీళ్ళలో ముంచి బతికిన చేతులు కదా, గరిటెతో నొక్కి బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వంగి చూస్తున్నాను. మంచం మీద నుంచి, "దొరికిందా పంక్చరు?" అంది మీ అమ్మ.

ఓవెన్‌లోంచి తీస్తే రాగి రంగులో మెరిశాయి. ఒకటి విరిచి వెన్న రాసి ఇచ్చాను. చాలాసేపు నమిలింది. నేను గిన్నె తోముతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. అప్పుడంది: "చక్కెర డబ్బా బోర్లించారా? ఇంత తీపి మనుషులు తింటారా?"

గిన్నె వదిలేసి వెళ్ళి మంచం పక్కన కూలబడ్డాను. ఇంకోసారి అనమన్నాను. చెవుడు కూడా వచ్చిందా అని కసిరింది. కసురుతూనే సగం తిన్నది!

ఒకటి కాగితంలో చుట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ చెప్పాను, ఎవరెవరో ఏమో. నయమవుతున్నట్టే కదా అని అడిగాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. రుచిని చంపింది ఆ మందులేనట. అవి ఆగిపోయాయి గనక రుచి తిరిగొచ్చిందట. అంతకు మించి ఏమీ లేదట.

నీకొక మాట దాచాను తల్లీ. ఫోనులో చెబుదామంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది. మందులకు కొన్నాళ్ళు విరామం ఇచ్చారని పోయిన ఉత్తరంలో రాశాను. విరామం కాదు. ఇక పనిచేయవని మానేశారు. జబ్బు కాలేయానికి పాకింది. ఎండలు ముదిరేదాకా ఉంటే గొప్ప అన్నారు.

ఇంటికొచ్చి బేగెల్ డాక్టరమ్మకు నచ్చిందన్నాను. మీ అమ్మ నా మొహం చూసి, సూదులు మానేసినప్పుడే తనకు తెలుసులెమ్మంది. "పిల్లను రమ్మనండి. నోటికి రుచి తెలుస్తుండగానే దాని చేతిది తినాలి" అంది.

అందుకని సెలవు పెట్టి వచ్చెయ్యి. ఆశ పెట్టుకుని మాత్రం రాకు, ఇక్కడ లేదు. అయినా చూడు, మిగిలిన సగం కూడా సాయంత్రానికి తినేసింది. నాకు గంతులెయ్యాలని ఉంది. ఇది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్న మీ నాన్న

చెప్పవలసిన వాళ్ళు: మీ పెద్దమామయ్యకు రెండు సంగతులూ చెప్పు. పిన్నికి కూడా, కానీ ఇంట్లో ఎవరైనా తోడున్నప్పుడు చెప్పు. బాబాయికి ముందు నన్ను తిట్టిన సంగతి చెప్పు, నవ్వుకోనీ, తర్వాత రెండోది. అమ్మమ్మకు, కూతురు తింటోందని చెప్పు. అంతే చెప్పు.