సీసా దించేశాను

ఏవండీ,

దణ్ణం. మీరు వెళ్ళి ఏడాదిన్నర దాటింది. ఇన్నాళ్ళూ మీతో చెప్పాల్సినవన్నీ దేవుడి గదిలో చెప్పుకున్నాను. కాగితం మీద పెట్టాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడెందుకంటే... ఊళ్ళో అందరూ మీ తరఫున మాట్లాడేస్తున్నారు. ఆయన ఉంటే ఒప్పుకునేవాడు కాదని మీ స్నేహితుడు భాస్కర్రావు అన్నయ్యగారు గుడి మెట్ల మీద నలుగురిలో అన్నారు. మీరు ఒప్పుకోరని నాకు తెలీదా? ముప్ఫై ఏళ్ళు మీకు అన్నం పెట్టినదాన్ని. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే మధ్యలో ఎవరూ వద్దని నేనే నేరుగా రాస్తున్నాను.

మీ మోటారుసైకిలు బండికి డూప్లికేట్ పెట్రోలు ట్యాంకు కొన్నాను.

రాసేశాను. ఇక కోప్పడండి.

మీ మాట మర్చిపోలేదు. “నక్లీ మాల్ నా బండి మీదికి ఎక్కదే. ఎక్కితే అసలీ ట్యాంకు ఎక్కాల, లేదంటే ఖాళీ.” ఎన్నిసార్లు అన్నారో!

సునామీ మన అండమాన్‌ని ముంచిన నాడు సిప్పీఘాట్‌లో మన ఇంటితోపాటు బండీ ఉప్పునీళ్ళలో మునిగింది. ఇంజను మీరు విప్పి, కడిగి, బతికించారు. ట్యాంకును మాత్రం తుప్పు లోపల్నుంచి తినేసింది. చిల్లు పడ్డ చోటల్లా బట్టల సబ్బు రుద్దేవారు. మిడిల్ పాయింట్‌లో ఈ ఇంట్లోకి వచ్చాక బండి వరండాలో, నా తులసికోట పక్కనే నిలబడింది. కింద పెట్రోలు చుక్కలకి పళ్ళెం. అక్కడ అగ్గిపుల్ల గీయొద్దని నా దీపాన్ని లోపలికి పంపేశారు. “దేవుడు ఎక్కడైనా ఉంటాడే. బండికి ఇదొక్కటే చోటు.”

అప్పుడు నవ్వుకుంటూ దీపం లోపలికి తీసుకెళ్ళాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

సబ్బుకి కూడా లొంగకపోయేసరికి ట్యాంకు విప్పి అటక మీద పెట్టారు. అక్కడితో వెతుకులాట మొదలైంది. కంపెనీయే మూతపడ్డ బండికి కంపెనీ ట్యాంకు ఎక్కడ దొరుకుతుందండీ? మెయిన్‌లాండ్ వెళ్ళినప్పుడల్లా నన్ను చుట్టాలింట్లో కూర్చోబెట్టి పాత ఇనుము కొట్లన్నీ తిరిగారు. చేతులు నల్లగా చేసుకుని వచ్చేవారు, ఉత్త చేతులే. “ట్యాంకు దొరికిన రోజు నిన్ను చిడియా టాపు బీచికి తీసుకుపోతానే. పొద్దు మునిగేదాకా కూర్చుందాం.” ప్రతిసారీ ఇదే మాట.

చిడియా టాపు మనకి ఎంత దూరమని? బస్సులో కూడా పోవచ్చు. మీరు బస్సెక్కనన్నారు. నేనూ ఎక్కలేదు.

ఇంజను పాడవకూడదని ఆదివారం ఆదివారం ఒక వైద్యం ఉండేది. ఖాళీ సెలైన్ సీసాలో పెట్రోలు పోసి వరండా మేకుకి వేలాడదీసేవారు. గొట్టం ఇంజనుకి తగిలించి ఒక్క కిక్కు కొట్టేవారు. బండి నిలబడ్డ చోటే పొగ వదులుతూ టపటపమనేది. ఎక్కడికీ కదలని బండి. మీరు పక్కన స్టూలు వేసుకుని కళ్ళు మూసుకుని వినేవారు, నేను సహస్రనామం వింటానే, అచ్చం అలాగే.

చివరి వారం ఆస్పత్రిలో మీ చేతికి సెలైన్ పెట్టారు. మీరు పైకి చూసి, “చూశావా, నాకూ ట్యాంకు పోయిందే. సీసా మీద నడుస్తున్నా” అన్నారు. నర్సమ్మ నవ్వింది. మీ మెకానిక్కు సలీం భయ్యా నవ్వాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేశాను. అది ఏడుపో, కోపమో... ఇప్పటికీ తెలీదు.

మీరు వెళ్ళాక భాస్కర్రావు అన్నయ్యగారు మంచి మనసుతోనే వచ్చారు. కాంట్రాక్టు పనులు చేసే మనిషి కదా, నాలుగూళ్ళ పరిచయాలు. చెన్నైలో ఒక పెద్దమనిషి ఉన్నాడట. పాత బళ్ళు కొని అద్దాల గదిలో పెడతాడట. ట్యాంకు లేకపోయినా తీసుకుంటాడట, డూప్లికేట్ తగిలిస్తే మాత్రం ముట్టుకోడట. వచ్చే ఓడకి ఎక్కించేద్దాం చెల్లెమ్మా, పూజలు చేసుకునేదానివి, నీకీ సామాను గొడవ దేనికి అన్నారు. నేనేమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నానని అనుకున్నారు. నా మౌనాన్ని మీరు మాత్రం ముప్ఫై ఏళ్ళు ఏమనుకున్నారు? అలాగే అనుకున్నారు కదూ?

ఒక ఆదివారం పొద్దున ఫోనులో ఆ పెద్దమనిషికి ఇంజను చూపిస్తానని వచ్చారు. నేను వంటింట్లో పచ్చడి నూరుతున్నాను. ఉన్నట్టుండి వరండాలోంచి ఆ చప్పుడు.

ఒక్క క్షణం... మీరే అనుకున్నాను.

వెళ్ళి చూస్తే మేకుకి సీసా. గొట్టంలో చుక్క, చుక్క. అన్నయ్యగారు ఫోను ఎత్తి పట్టుకుని, దేఖియే సాబ్, చల్తీ హై అని బండి నడుస్తున్నట్టు చూపిస్తున్నారు.

నేను వెళ్ళి సీసా దించేశాను. గొట్టం పీకేశాను. పెట్రోలు చెయ్యంతా ఒలికింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇదేటి చెల్లెమ్మా అన్నారాయన. బండి అమ్మనని చెప్పి లోపలికొచ్చి చెయ్యి కడుక్కున్నాను.

సీసా మీద బతికేవాళ్ళని నేను ఒకసారి చూశానండీ. చాలు.

ఆ సాయంత్రమే మిన్నీ బే రోడ్డులో సలీం భయ్యా షెడ్డుకి వెళ్ళాను. ఆయనే ఫోనులో వెతికిపెట్టాడు. పంజాబ్‌లో మన బండి ట్యాంకు అచ్చు చూసి కొత్తవి చేసేవాళ్ళున్నారు. భాభీ, దాదాకి ఇది నేను ఎప్పుడో చూపించాను, నన్ను వారం రోజులు డాంటాడు, ఒకటే తిట్లు అన్నాడు. అంటే ఉందని మీకు తెలుసన్నమాట! తెలిసీ నాకు చెప్పలేదు. ఆ మాట విన్నాక ఇక నాకు అడ్డేముంది? నేను పచ్చళ్ళు అమ్మిన డబ్బుతో ఆర్డరు పెట్టించాను.

అండమాన్‌కి పంపం అన్నారు. మనకెవరు పంపుతారు? వైజాగ్‌లో చెల్లెలు వరలక్ష్మి ఇంటికి పంపించమన్నాను. రంగు వేయని ఉత్త రేకు, ఓడలో సముద్రపు గాలి తగులుతుంది, బాగా నూనె రాసి పంపవే అని చెల్లెలికి చెప్పాను. ఇంజనాయిలు అని చెప్పాలని నాకు తోచలేదు. అదేమో ఆముదం రాసింది! రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టి, పాత దుప్పట్లో చుట్టి, ఓడలో వస్తున్న మన వీధివాళ్ళ చేతికిచ్చింది. హడ్డో జెట్టీలో విప్పి చూస్తే తలంటుకి సిద్ధంగా ఉన్న పసిపిల్లలా ఉంది. పెయింటర్ వాసన చూసి, దీదీ, యే ట్యాంక్ హై యా బచ్చా అన్నాడు. ఆముదం మీద రంగు నిలుస్తుందా? కిరసనాయిలుతో కడిగీ కడిగీ నన్నూ, మా చెల్లెల్నీ కలిపి తిట్టుకున్నాడు. కానీ ఒక్క తుప్పు మచ్చ లేదు. అదీ రాసుకోండి.

మీకు నచ్చే ఆ ముదురెరుపే వేయించాను. పక్కన బంగారు గీత.

బిగించబోతే బోల్టు రంధ్రాలు కలవలేదు. గోరంత తేడా. చూశావా, నేను చెప్పలేదా అని మీరు అనే ఉంటారు. సలీం భయ్యా గ్రైండరు తీసి, ట్యాంకు కూర్చునే ఈ ఛాసిస్ చెవి కొంచెం కోసేస్తే సరిపోతుంది భాభీ అన్నాడు. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. ఛాసిస్ మీద మీ చెయ్యి ఉంది. కొత్తగా వచ్చింది ట్యాంకు, సర్దుకోవాల్సింది అదే. కొత్త ఇంటికి వచ్చినవాళ్ళే సర్దుకుంటారని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ట్యాంకు చెవి రేకుకే ఆకురాయి పట్టించాను. పాత ట్యాంకు మోకాలి రబ్బర్లు తీసి దీనికి పెట్టించాను. మీ మోకాళ్ళకి అరిగినవే.

ఈ సంగతి తెలిసే అన్నయ్యగారు శనివారం గుడి మెట్ల మీద ఆ మాట అన్నది. దొంగ ట్యాంకు పెట్టి బండి పరువు తీశావు చెల్లెమ్మా, ఆయన ఆత్మకి శాంతి ఉంటుందా అని కూడా అన్నారు. నా గొంతు మీకు తెలుసుగా, పక్కనున్నవాళ్ళకి కూడా వినపడదు. ఆ రోజు వినపడింది.

మన గుడి ఉత్సవ విగ్రహానికి వేలు విరిగింది గుర్తుందా? భగ్నమైనది పూజకి పనికిరాదని పూజారిగారు అన్నారు. అచ్చు అలాగే కొత్తది పోయించి ఓడలో తెప్పించారు. జెట్టీ నుంచి భుజాన మోసుకొచ్చింది మీరూ, ఆ అన్నయ్యగారే. ప్రతిష్ఠ నాడు ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అదే గుర్తుచేసి, “ఆ రోజు డూప్లికేట్ స్వామి అని ఎవరూ అనలేదే అన్నయ్యగారూ. స్వామికి చెల్లింది బండికి చెల్లదా?” అన్నాను.

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నేను ప్రదక్షిణలు పూర్తిచేసే ఇంటికొచ్చాను.

రెండ్రోజులాగి వచ్చారు. ట్యాంకు మీద వేలితో కొట్టి చూసి, రేకు కొంచెం పల్చన అన్నారు. కాఫీ తాగారు. గీత మాత్రం బాగా వేశాడు అని గొణిగి వెళ్ళారు. అంతకంటే ఏమంటారు?

నిన్న పెట్రోలు పోశాం. ట్యాంకు కింద అరచెయ్యి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. పొడిగా ఉంది. ఒక్క చుక్క లేదు.

దీపం మళ్ళీ తులసికోట దగ్గర పెడుతున్నాను. కంగారు పడకండి, బండిని వీధి గుమ్మం వైపు జరిపించాను. ఈసారి జరగాల్సింది బండి.

ఇంకో సంగతి. నడపడం నేర్చుకుంటున్నాను. బజారుకి స్కూటీ నడిపే చేతికి ఇదొక లెక్కా అనుకున్నాను గానీ, కిక్కూ గేరూ ఒకే రాడ్డుతో... ఇలాంటిది ఎలా నడిపారండీ? ఈ పొద్దున మైదానంలో మూడుసార్లు ఆగిపోయింది. సలీం భయ్యా మొహం తిప్పుకుని నవ్వాడు. నవ్వనీ. వచ్చే ఆదివారం చిడియా టాపు వెళ్తున్నాను. పొద్దు మునిగేదాకా కూర్చుంటాను. మీరు అసలుది దొరకాలని ఆగారు. ఆగి ఏం చూశారు? నేను ఆగను.

వెనక సీటు ఖాళీయే. కోపం తగ్గితే రండి. తగ్గకపోయినా రండి, దారిలో తిడుదురుగాని.

మీ పాత ట్యాంకును ఏం చేయాలో చాలా ఆలోచించాను. భగ్నమైనదాన్ని నీళ్ళలో కలపాలంటారు. కానీ సముద్రం దాన్ని ఒకసారి తినేసింది, మళ్ళీ ఇవ్వను. అటక మీద నుంచి దించి, తుడిచి, దేవుడి గదిలో మూలన పెట్టాను. కొత్తదానికి వేరే మూత వచ్చింది కాబట్టి మీ మూత దానికే ఉంది. ఈ కాగితాలు చుట్టి అందులో వేసి, మూత బిగిస్తాను.

మీ మీద కోపంతో ఇన్ని మాటలు అన్నానని ఎవరికీ తెలియకూడదు. ఉంచుకోండి. ఎవరికీ చూపించకండి, ఆ స్వామికి కూడా. ఆయనకి నేనే చెప్పుకుంటాను.

మీ
సీత