చుక్కలు పడనీ, బాపూ

బాపూ,

మన షిఫ్టులు కలవడం లేదు కాబట్టి నీ టిఫిన్‌ డబ్బాలో ఈ ఉత్తరం పెడుతున్నాను. నీ షిఫ్టులో ఉండే మన్సూర్ కాకతో చదివించుకో.

కంపెనీ నాకు అప్పగించిన పంపుకు ప్యాకింగును నొక్కిపట్టే గ్లాండు మళ్ళీ బిగించావు. ప్యాకింగు మాడిపోయింది. బిగించి వదిలేయడానికి అది గాస్కెట్ కాదు బాపూ, తిరిగే షాఫ్టు చుట్టూ చుట్టిన తాడు. చుక్కచుక్కగా నీళ్ళు కారితేనే చల్లగా ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాలి? పంపు ఆగితే గనిలో పనిచేసేవాళ్ళు నీళ్ళలో చిక్కుకుంటారు.

ఎందుకిలా చేస్తున్నావని కాకనే అడిగాను. "గా పిల్ల చూసే పంపు కారుతున్నదని ఎవలన్న అంటే మీ బాపు ఓర్సుకోడు బిడ్డా" అన్నాడు.

అననీ. కారుతోంది కాబట్టే నడుస్తోందని నేను చెప్పుకుంటాను. గ్లాండు బిగించే పానా నా బ్యాగులో ఉంది, వెతకకు.

నీ బిడ్డ