నీ చేతిని కాల్చినవి, నన్ను బతికించినవి

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి రెండేళ్లు. ఇబ్రహీంపట్నంలో అందరం బాగున్నాం. నేనూ బాగున్నాను... ఆ మాట రాయడానికే ఇన్నాళ్లు ఆగాను.

పోయిన ఏడాది నా గొంతులో గడ్డ వచ్చింది. క్యాన్సరన్నారు. రేడియేషన్ ఇవ్వాలన్నారు. వినగానే నీ కుడిచెయ్యి గుర్తొచ్చింది.

పైపుల వెల్డింగ్ అతుకులను కిరణాలతో ఫోటో తీసే చోట నువ్వు హెల్పర్‌వి. ఆ కిరణాలు వచ్చే పెట్టెలోంచి జారిపడిన చిన్న ముక్కను, అదేమిటో తెలియక, చేత్తో తీశావు. "సల్లగనే ఉండెరా, ఉత్త ఇనుప ముక్క లెక్క. నాకేం కాలే, ఫికర్ చెయ్యకు" అన్నావు. ఆ రోజు నిజంగానే ఏమీ కాలేదు. రెండు వారాలకు వేళ్లు ఎర్రబడ్డాయి, బొబ్బలెక్కాయి, నల్లబడ్డాయి. రెండు వేళ్లు తీసేశారు. నిప్పు లేదు, వేడి లేదు... మరి ఎట్లా కాలింది? పోయేదాకా అడుగుతూనే ఉన్నావు.

ఈసారి డాక్టరమ్మను నేనడిగాను. ఆ కిరణాలు కణం లోపలి సన్నని దారాన్ని తెంపుతాయట. దారం తెగిన కణం వెంటనే చావదు. రెండుగా చీలాల్సిన వేళ వచ్చినప్పుడు, చీలలేక చస్తుంది. పాత చర్మం రాలిపోతుంది, కింద కొత్తది పుట్టదు. అందుకే అన్ని రోజులు పట్టిందన్నా.

ఎనిమిదేళ్ల తర్వాత నీ గుండె ఆగడానికీ అదే కారణమా అంటే... డాక్టరమ్మ చెప్పలేనంది.

భయపడుతూనే బల్ల మీద పడుకున్నాను. తల కదలకుండా ముఖానికి తొడుగు బిగించారు. మిషన్ చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. రోజూ కొంచెమే ఇచ్చారు. మర్నాటికల్లా మంచి కణాలు తెగిన దారాలను చాలావరకు తామే అతికించుకుంటాయట. రోగపు కణాలకు అంత చేతకాదట. నేను ఇంటికొచ్చే బస్సులో కునుకు తీస్తుంటే లోపల అంత మరమ్మతు జరిగిందా? ఎవరు నేర్పారు వాటికి?

నోరంతా పూసింది. అన్నం మట్టిలా ఉండేది. మెల్లగా ఉప్పు రుచి తిరిగొచ్చింది. గడ్డ కరిగిపోయింది.

గొంతు మాత్రం బొంగురుపోయింది. మొన్న మహేశ్వరంలో మీ ఇంటికెళ్లి, గేటు దగ్గర్నుంచి నీ బిడ్డను పేరుపెట్టి పిలిచాను. పరుగెత్తుకొచ్చింది... నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. అచ్చం నీ గొంతేనట. కాసేపు ఏడ్చింది. తర్వాత ఇంకోసారి పిలవమంది.

పిలిచాను. తను అడిగినప్పుడల్లా పిలుస్తాను, అన్నా.

నీ తమ్ముడు
యాదయ్య