బొటనవేలి కింది బటన్

అరవై ఎనిమిదేళ్ళ ఫొటోగ్రాఫరునైన నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగానే ఉంది. లేదని ఎవరైనా అంటే, నా బీరువాలో వాళ్ళకేం కావాలో ముందు ఆరా తీయండి.

1. దీన్ని అమలు చేసే బాధ్యత నా తోడల్లుడికి అప్పగిస్తున్నాను. నమ్మకం కొద్దీ కాదు, ఇందులో అతనికి చిల్లిగవ్వ కూడా రాదు కనుక. అయినా సరే, స్టూడియో తాళం తీసేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి.

2. మేడమీది స్టూడియో, అందులోని సామాను నా భార్యకు చెందుతాయి. కిటికీ పక్కనున్న ఎత్తు స్టూలు కూడా ఆవిడదే. ముప్పై ఏళ్ళు దానిమీద కూర్చుని ఫొటోల అంచులు కత్తిరించింది. ఒక్క తలకాయా తెగలేదు. కింది టైలరుకి, లైటు వెలుగు మెత్తబడడానికి పెట్టే నా తెల్ల గొడుగు. వానలో అడక్కుండా పట్టుకెళ్ళి పుల్ల విరిచి తెచ్చాడు. గాలికి విరిగిందన్నాడు. ఆ రోజు గాలే లేదు.

3. నా డిజిటల్ కెమెరా నా భార్య తమ్ముడికి, అంటే పదహారేళ్ళు నా పక్కన లైట్లు పట్టిన నా బావమరిదికి చెందుతుంది. అందులో ఏ బటన్ ఏ పని చేయాలో మనమే మార్చుకోవచ్చు. నేను అన్నీ మార్చాను. మామూలుగా పై బటన్ సగం నొక్కితే ఫోకస్ అవుతుంది. నా దాంట్లో అది ఫొటో మాత్రమే తీస్తుంది. ఫోకస్‌ని వెనక, బొటనవేలి కిందున్న బటన్‌కి మార్చాను. ఫోకస్ కుదిరినప్పుడు వచ్చే కూత తీసేశాను. తీసిన ఫొటో తెరమీద కనిపించకుండా చేశాను. కన్ను పెట్టి చూసే అద్దం నా చూపుకి సరిపోయేలా తిప్పుకున్నాను. పరుగెత్తే పిల్లల్ని పట్టడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదని అందరికీ చెప్పాను, ఏ బటన్ ఎక్కడికి మార్చానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది సగమే నిజం. నేను లేనప్పుడు బావమరిది నా కెమెరాతో బయట పనులు చేసుకుంటున్నాడని నా అనుమానం. ఎవరెత్తుకెళ్ళినా వాళ్ళకది పనికి రాకూడదనుకున్నాను. రుజువు ఇప్పటికీ దొరకలేదు.

4. మా అమ్మాయి పెళ్ళి రోజు నేను తండ్రిగా నిలబడాలి కనుక కెమెరా బావమరిదికి ఇచ్చాను. కంటికి పెట్టుకుని, "బావా, అంతా మసగ్గా ఉందేంటి?" అన్నాడు. "అది నా చూపుకి తిప్పుకున్నదిలే, నువ్వు నొక్కుకుంటూ పో" అన్నాను. వెనక బటన్ మాట నోటిదాకా వచ్చింది. ఒకసారి చెబితే ఇక అది నా ఒక్కడిదీ కాదని మింగేశాను. ఎలాగోలా పడతాయిలే అనుకున్నాను. ఆరువందల ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మా అమ్మాయి ముఖం తేటగా లేదు. తాగి తీశాడని చుట్టాలంతా అన్నారు. వాడు తల వంచుకున్నాడు. నేను కాదనలేదు. తొమ్మిదేళ్ళుగా మా అమ్మాయి మేనమామ గడప తొక్కలేదు. తప్పు వాడిది కాదు, నాది. ఛీ, ఒక్క బటన్ మాటకి తొమ్మిదేళ్ళా! బతికుండగా చెప్పే ధైర్యం నాకు లేదు. నేను పోయాక వాళ్ళిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఈ అంశం పైకి చదవాలి.

2023 మార్చి 14, మంగళవారం.
సంతకం: స్టూడియో యజమాని
సాక్షులు: కళ్ళజోళ్ళ షాపాయన, ఫ్రేములు కట్టే ఆయన

సంతకాల తర్వాత అదే రోజు చేర్చినది:

సాక్షులు చదవకుండా పైభాగమంతా అట్టతో కప్పాను. కళ్ళజోళ్ళ షాపాయన సంతకం పెడుతూ అట్టని పక్కకి జరిపాడు. నాలుగో అంశం చదివేశాడని నా అనుమానం. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వీధంతా తెలిసేలోగా నేనే చెప్పడం మేలని అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను. అంతా విని, "నువ్వు అప్పుడే మామయ్య దగ్గరికి వెళ్ళకు నాన్నా. ముందు నన్ను వెళ్ళనీ" అంది.

సంతకం: స్టూడియో యజమాని
సాక్షులు: మళ్ళీ ఆ ఇద్దరే, ఈసారి అట్ట లేకుండా