పై వరస ఎవరిది

మోర్‌కాంబ్,
8 నవంబరు 1987, ఆదివారం.

చిరంజీవి లొరైన్‌కు నార్మన్ బాబాయి, హిల్డా పిన్ని ఆశీస్సులతో రాసేది. మేమిక్కడ క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నా మోకాళ్లనడిగితే వేరే మాట చెబుతాయి. నువ్వు, మీ ఆయన కీత్, చిన్నవాడు గావిన్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కొట్లో పని ఎక్కువై జవాబు రాయలేదని చెప్పొచ్చు. చలి మొదలయ్యేసరికి ఈ ఊళ్లో అందరికీ బూట్ల అడుగులు ఊడిపోయాయని ఒక్కసారే గుర్తొస్తుంది, అది నిజమే. కానీ మీ అమ్మ పోయిందన్న మాటకు ఏం జవాబు రాయాలో నాకు తోచలేదు. బ్రెండా నాకంటే చిన్నది. ఇరవై రెండేళ్లకు మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి భగవంతుడు ముసలితనమైనా ఇచ్చి ఉండాల్సింది. అదీ ఇవ్వలేదు.

అంత్యక్రియలకు నేను రాలేదు. చర్చిలో ముందు బెంచీ మీద నాకని చోటు అట్టేపెట్టావనీ, పాదరీ గారు మొదలుపెడదామా అని అడిగితే మా బాబాయి వస్తాడు, కాసేపాగండి అన్నావనీ రాశావు. చదివి సిగ్గుపడ్డాను. నీకు నేను రక్తసంబంధం ఉన్న బాబాయిని కూడా కాను. పోస్టరు మీద బాబాయిని.

నన్ను నిలదీశావు కూడా. చిన్నప్పుడు తరచూ వచ్చేవాడివి, నాకు పిప్పరమెంట్లు తెచ్చేవాడివి, తర్వాత ఎందుకు మానేశావు, అమ్మ ఏమన్నా అందా అని. ఏమీ అనలేదమ్మా. పిండిలో బంగాళాదుంపలు పెట్టి మీ అమ్మ కాల్చే పై రొట్టె తిన్నవాడెవడూ ఆ ఇంటికి రావడం మానుకోడు. నేను ఇక్కడ చెప్పుల రిపేరు కొట్టు పెట్టుకున్నాను. మీ ఊరు బేకప్ రావాలంటే రైలు దిగి బస్సెక్కాలి, బస్సు దిగి మీ కొండ ఎక్కాలి. మోకాళ్ల సంగతి చెప్పానుగా. అలా అలా ఏళ్లు గడిచిపోయాయి. అంతే అనుకో.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న.

నేనూ మీ నాన్న రేమండూ చేసిన రికార్డులో రెండు గొంతులున్నాయి, పైది నాన్నదా కిందిదా అన్నావు. అమ్మ ఎప్పుడూ పైది నాన్నదే అనేదట. మొన్న మీ రేడియోలో పాత పాటలు వేసే పెద్దమనిషికి నువ్వు ఫొటో చూపిస్తే, పొడుగాయన రేమండ్ కాబట్టి కింది గొంతు ఆయనదే అయ్యుంటుందని తేల్చేశాడట. నువ్వు పుట్టకముందే పోయిన మనిషి. ఆయన గొంతు ఈ లోకంలో ఆ ఒక్క రికార్డులోనే మిగిలింది. పసితనం నుంచీ ఆ పై గొంతుతో కలిసి పాడుతూ నాన్నతో పాడుతున్నాననుకున్నాను, అది నాన్నది కాకపోతే నేనిన్నాళ్లూ ఎవరితో పాడినట్టు అని రాశావు. గావిన్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇదిగో మీ తాత అని వినిపించాలనీ, పిల్లవాడికి తప్పు చెప్పకూడదనీ రాశావు. ఆ పేజీ నేను చాలాసార్లు చదివాను.

ముందు ఆ రేడియో ఆయన సంగతి చూద్దాం. పొడుగువాడికి బొంగురు గొంతు, పొట్టివాడికి కీచుగొంతు అని లెక్కగట్టే మనిషికి పాటల కార్యక్రమం ఎవరిచ్చారో నాకు తెలియదు. మీ నాన్న ఆరడుగులు దాటిన మనిషి. ఆ గొంతు మాత్రం పిట్టగోడ ఎక్కే పిల్లిలా ఏ కష్టమూ లేకుండా పైకి వెళ్లేది. నేను పొట్టి. నాది కింది గొంతు. ఫొటోలో నా తల ఆయన చెవి దాకా అయినా వచ్చిందంటే నా కాళ్ల కింద బీరు సీసాల పెట్టె ఉందని అర్థం.

మేం చెప్పుల కార్ఖానాలో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లం. ఇంట్లో వేసుకునే చెప్పులకు ఉన్నిగుడ్డ కత్తిరించే పని. గాలంతా ఉన్ని నూగు. మీ నాన్న ఛాతీ చిన్నప్పటి నుంచీ బలహీనమైనది. పొద్దున్నే వచ్చి ముందు కాసేపు దగ్గుకుని అప్పుడు కత్తి పట్టేవాడు. అక్కడే పాడుకునేవాళ్లం. నేను కింద ఒక వరస పట్టుకుంటే ఆయన దాని మీద ఇంకొకటి వేసేవాడు. ఎవరూ నేర్పలేదు. చర్చిలో విన్న పాటలే మాకు బడి. రానురాను మా గొంతులు ఎంతగా అతుక్కుపోయాయంటే, ఒకరోజు నేను పెరట్లో ఒక్కణ్ణే పాడుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి, ఒరే రేమండూ, టీ తాగి వెళ్లరా అని కేకేసింది.

మమ్మల్ని అన్నదమ్ముల్ని చేసింది మా ఏజెంటు పిల్లింగ్. మీ ఇంటిపేర్లు రెండూ పోస్టరు మీద వేస్తే లాయరు ఆఫీసు బోర్డులా ఉంటుందిరా, హార్‌గ్రీవ్స్ అండ్ పోసల్‌వైట్ అని పెడితే జనం వీలునామాలు పట్టుకుని వస్తారు అన్నాడు. ఎదురుగా బొగ్గుల లారీ వెళ్తోంది. దాని మీద కెల్డన్ అని ఉంది. ఆ రోజు నుంచి మేం కెల్డన్ బ్రదర్స్. పనివాళ్ల క్లబ్బుల్లో పాడేవాళ్లం. మంచి పాట మంచి చోటుకొచ్చేసరికి క్లబ్బు సెక్రటరీ మైకు లాక్కుని, పై రొట్టెలు వేడివేడిగా వచ్చాయి, కావలసినవాళ్లు లైన్లో నిలబడండి అనేవాడు. సగం హాలు లేచిపోయేది. మీ నాన్న నా చెవిలో, మనం ఆ రొట్టెల కంటే చల్లగా ఉన్నాంరా నార్మన్ అనేవాడు.

మీ అమ్మ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. చర్చి హాల్లో ఆవిడ మా వైపు వీపు పెట్టి టీ పోస్తోంది. పాట మొదలైంది. వెనక్కి తిరక్కుండానే పక్కనున్న అమ్మాయిని, ఎవరే ఆ పైన పాడేవాడు అని అడిగింది. టీ కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీద పారుతోంది. ఆవిడ చూసుకోలేదు. ఆ ఏడే పెళ్లయింది. పెళ్లిలో పిల్లింగ్, అమ్మాయీ నువ్వు మనిషిని చేసుకుంటున్నావా గొంతుని చేసుకుంటున్నావా అని ఎగతాళి చేస్తే, రెండూ ఒకే ధరకొస్తున్నాయి అంది.

రికార్డు అరవై ఒకటిలో లండన్‌లో చేశాం. దాన్ని మన వీధివాళ్లు కొన్నారు, మా మేనత్త రెండు కొన్నది, అక్కడితో సరి. రెండోది చెయ్యమని ఎవరూ పిలవలేదు. ఆ ఎండాకాలం బ్లాక్‌పూల్‌లో సముద్రం ఒడ్డున, కుక్కలతో గారడీ చేసే ఆయన తర్వాత మా పాట ఉండేది. అక్కడ మీ నాన్న పాడినట్టు మరెవరూ పాడగా నేను వినలేదు. దాన్నెవరూ రికార్డు చెయ్యలేదు. ఆ తర్వాతి ఏడు చివర్లో పెద్ద మంచు పడింది. నీళ్ల గొట్టాలు గడ్డకట్టాయి, కొండ మీదికి బండి ఎక్కేది కాదు. ఆ చలి ఆయన ఛాతీలో దిగింది. డాక్టరు నడిచి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. శవపేటికను మంచు మీద జారే స్లెడ్జి బండి మీద పెట్టి మేం నలుగురం తాళ్లు పట్టుకుని కిందికి దింపాం. మీ అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది. కడుపులో నువ్వు ఉన్నావు. నువ్వు ఏప్రిల్‌లో పుట్టావు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు ఇది. పై వరస మీ నాన్నదే. మీ అమ్మ చెప్పిందే నిజం. నువ్వు నిశ్చింతగా పాడుకో, గావిన్‌కి వినిపించు.

హిల్డా నిన్నోసారి రమ్మంటోంది. చలి తగ్గాక పిల్లవాణ్ణి తీసుకుని రా. సముద్రం ఇక్కడే ఉంటుంది, నేనూ ఉంటాననుకుంటాను.

ఇట్లు,
నీ మేలు కోరే
నార్మన్ బాబాయి

తాజా కలం: సోమవారం పొద్దున.

నిన్న కవరు అంటించి బల్ల మీద పెట్టాను. పొద్దున లేచేసరికి హిల్డా దాన్ని కెటిల్ ఆవిరికి పట్టి విప్పి చదువుతోంది. ఆ పిల్ల అడిగిందేమిటి, నువ్వు రాసిందేమిటి అంది. రేమండ్‌కి మాటిచ్చాను కదే అన్నాను. బ్రెండాకి చెప్పనని ఇచ్చావు, బ్రెండా వెళ్లిపోయింది, ఈ పిల్లకి చెప్పనని ఎవరికిచ్చావు అంది. ఇన్నేళ్ల కాపురంలో హిల్డాతో వాదించి నేను గెలిచింది లేదు.

లొరైన్, పై గొంతు మీ నాన్నది కాదు. కిందిదీ కాదు. రెండూ నావే.

లండన్ వెళ్లింది చలికాలంలో, రైల్లో మా పెట్టెను వేడిచేసే గొట్టం పనిచెయ్యలేదు. దిగేసరికి మీ నాన్నకు గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. స్టూడియోలో గాజు గదిలో కూర్చుని రికార్డు చేసే మనిషి, మధ్యాహ్నం ఇంకో బృందం వస్తోంది, పాడితే ఇప్పుడు పాడండి, లేకపోతే మీ ఊరు వెళ్లిపోండి అన్నాడు. మా దగ్గర ఒక గొంతు మీద ఇంకో గొంతు వేసే యంత్రం ఉంది, ఒకడే రెండూ పాడినా సరిపోతుంది అని కూడా అన్నాడు. నేను పాడనన్నాను. మీ నాన్న నన్ను నడవాలోకి లాక్కెళ్లాడు. నువ్వే పాడెయ్యరా అన్నాడు, గుసగుసగా. తన వరస నాకంటే బాగా ఎవరికి తెలుసన్నాడు. బ్రెండాకి మాత్రం చెప్పకు, అది నన్ను చేసుకున్నదే ఈ గొంతు కోసం, లండన్‌లో నాకు నోరు పెగల్లేదని తెలిస్తే నేను తట్టుకోలేను అన్నాడు. మాటివ్వరా అన్నాడు. ఇచ్చాను. అప్పుడు మాకు ఇరవై మూడేళ్లు. గొంతు మళ్లీ వస్తుంది, ఇంకో రికార్డు చేస్తాం, ఇదంతా అప్పుడు చెప్పుకుని నవ్వుకోవచ్చనుకున్నాం.

నేను మానేసింది మోకాళ్ల వల్ల కాదు. ఎప్పుడొచ్చినా మీ అమ్మ భోజనం అయ్యాక ఏప్రన్ విప్పి మడిచి, ఆ రికార్డు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేది. ఇదిగో నార్మన్, ఇప్పుడు పైకెళ్తాడు చూడు అనేది. నా గొంతు విని ఆయన కోసం ఏడ్చేది. నేను ఎదురుగా కూర్చుని తలాడించేవాణ్ణి. ఎన్నిసార్లని ఆడించను? చర్చిలోనూ అదే పాట వేస్తారని తెలుసు. అందుకే ఆ బెంచీ ఖాళీగా ఉండిపోయింది.

నువ్వు ఇన్నాళ్లూ పాడింది నాతో. నన్ను క్షమించమని అడగను, కోపం వస్తే తెచ్చుకో. కానీ ఇంకొక్క విషయం చెప్పాలి.

నేను పై వరస పాడుతున్నంతసేపూ మీ నాన్న నా పక్కనే నిలబడ్డాడు. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చేతిలో రుమాలు, రుమాలు నోట్లో. దగ్గు రాకుండా బిగబట్టాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పాట అయిపోయింది, గిటారు మోత ఇంకా ఆగలేదు, రికార్డవుతోందని చూపే ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది, అప్పుడు ఇక ఆపుకోలేకపోయాడు. గాజు గది మనిషి తిట్టుకున్నాడు కానీ మళ్లీ చెయ్యడానికి సమయం లేదు. ఆ మోత సన్నబడే చోట శ్రద్ధగా విను. చిన్న దగ్గు ఉంటుంది. విన్నవాళ్లు దాన్ని రికార్డు మీద గీత అనుకుంటారు. అది మీ నాన్న.

మీ అమ్మకు ఇది తెలియదు. సూది అరిగిపోతుందని, పాటలో ఆఖరి మాట ఆగీ ఆగకముందే లేచి దాన్ని ఎత్తేసేది. ఈసారైనా కాస్త ఆగుతుందేమో అని నేను ప్రతిసారీ చూసేవాణ్ణి. ఎప్పుడూ ఆగలేదు.

నువ్వు ఎత్తకు.