మన ఏటి సైరన్ సంగతి

నెనితక్కా, నేను బాగానే ఉన్నాను. వరద సైరన్లు మోగించే కంప్యూటర్లు పనిచేస్తున్నాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్‌ని నిన్న మా ఆఫీసులో అప్‌డేట్ చేశాను. పాతదానిలో అన్నీ పచ్చగానే ఉండేవి. కొత్తదానిలో మన ఏటిది ఎర్రగా వచ్చింది. అది చచ్చి పదకొండు నెలలైందట. పాతది ఆఖరుసారి చూసిన పచ్చనే ఇన్నాళ్ళూ చూపిస్తూ కూర్చుంది.

మా పెద్దసారు బెనిల్దో, "పైవాళ్ళ తనిఖీ అయ్యేదాకా పాతదే పెట్టు. బయట నోరు విప్పావో, ఇంటికి పోతావ్" అన్నాడు. పెట్టేశాను.

సైరన్ మోగలేదు కదా అని కూర్చోకండి. వాన పట్టగానే పందిని విప్పేసి, అమ్మతో గుట్టమీది చర్చికి ఎక్కెయ్యండి. అమ్మ మోకాలు ఎలా ఉంది? దీవెన కోసం ఆమె చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నాననుకోమను.

కవరుకి డబ్బుల్లేక కార్డు రాశాననుకోకు. దారిలో పోస్టుమ్యాన్ కూడా చదవాలని రాశాను.

నీ తమ్ముడు
క్రిసాంతో