యార్డు చొక్కాలు, పాప గౌన్లు

ఏవండీ,

మిషన్ మళ్ళీ నీళ్ళు నింపుకుని ఆగిపోయింది. తలుపు గట్టిగా లాగకండి, పోయినసారి పిడి ఊడి చేతికొచ్చింది. ప్లగ్ తీసి, వెనకున్న పైపు కిందికి దించితే నీళ్ళు పోతాయి. పాప గౌన్లు విడిగా బకెట్లో నాలుగుసార్లు జాడించండి. సాయం చేద్దామనే వేసుంటారు గానీ, మిర్చి యార్డు చొక్కాలతో పాప బట్టలు ఎవరైనా కలుపుతారా? మొన్న అలా ఉతికిన గౌను తొడిగితే భానుశ్రీ వీపంతా ఎర్రగా కందిపోయింది. డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తున్నాను. మెకానిక్ రేపొస్తానన్నాడు. రాడు. కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి.

రమ్య

మీ చొక్కాలు కూడా జాడించండి. ఆ ఘాటు పోతుందనే కదా ఈ మిషన్ కొన్నాం. ఎన్నిసార్లు ఉతికినా, మీరు ఎత్తుకోబోతే పాప తుమ్ముతూ నా వెనక దాక్కుంటోంది.